మదీహా తాగించిన టీ

“చాచా, మీ పార్సెల్ సోహార్ పోర్టు నుంచి వచ్చేసింది. మీ షాపు ముందరే ఉండా!”

డ్రైవర్ ఇస్రార్ ఫోన్‌లో ఆ మాట అనగానే గులాం నబీ చెప్పులైనా వేసుకోకుండా గల్ఫ్ ఎండలో రూవి వీధిలోకి పరుగెత్తాడు. తిరిగి వచ్చేటప్పుడు రెండు చేతుల్లో ఒక డబ్బా, ముఖంలో మనవణ్ణి ఎత్తుకొస్తున్న తాత సంబరం.

కౌంటర్ దగ్గర టీ రుచి చూస్తున్న కొత్త జంట ఆయన్నే చూస్తోంది. తమ పేర్లు కమ్రాన్, తయ్యబా అనీ, ఊరు ప్రొద్దుటూరనీ అప్పటికే చెప్పారు. ఆ పక్కనే మైదుకూరు మనిషైన గులాం నబీకి అంతకంటే ఏం కావాలి? అమ్మాయి అరచేతుల్లో పెళ్ళి గోరింట ఇంకా ఎర్రగానే ఉంది.

“ఏంది చాచా అది?” అన్నాడు కమ్రాన్.

గులాం నబీ కాగితం విప్పాడు. చిన్న పళ్ళెమంత నల్లటి బిళ్ళ.

“చైనా టీ బేటా. ఆకును పులియబెట్టి, బిళ్ళగా అదిమి దాస్తారు. ముప్పై ఏండ్లది. పాతబడేకొద్దీ రుచి.”

“రవ్వంత రుచి చూపిస్తారా?”

“దీన్నా? నేనే చూళ్ళేదు! ఇంకా పదేండ్లు ఇట్లే పెట్టుకోవల్ల. అంచు విరిగితే దీని అందమంతా పాయె. మీకు పోసినా గదా, పోయినేడాదిది. అది తాగండి.”

కమ్రాన్ బిళ్ళ మీదికి వంగి గాలి పీల్చాడు. “మదీహా తాగించింది కూడా ఇట్లాంటి పాతదే” అని గొణిగాడు.

తయ్యబా చేతిలో కప్పు ఆగిపోయింది.

“మదీహా ఎవరు?”

“ఎవరో. ముందటి కంపెనీలో.”

“ఎవరో అయితే వాసన ఇన్నాళ్ళు గుర్తుంటాదా?”

“పోసింది, తాగినా. అంతే గదా తయ్యబా!”

“పోస్తా పోస్తా ఏం మాట్లాడింది?” ఆమె గులాం నబీ వైపు తిరిగింది. “మీరే చెప్పండి చాచా. ఆయమ్మకేమో ఏండ్లనాటి టీ. పెండ్లాన్ని, నాకేమో పోయినేడాదిది!”

“వాడేదో నోరు జారినాడులేమ్మా.”

“జారింది నోరు కాదు చాచా, మనసు!” ఫోన్ తీసింది. “అమ్మీకి చేస్తా. రేపటికే టికెట్ వేయమంటా.” ఇంకో చేత్తో కళ్ళు మూసుకుంది. భుజాలు కదులుతున్నాయి.

గులాం నబీ కంగారుపడ్డాడు. గోరింట ఆరని పిల్ల, అందులోనూ తమ వైపు పిల్ల, తన షాపులో కాపురం వదిలేసి పోవడమా? బిళ్ళను ఒకసారి చూశాడు, ఆమెను ఒకసారి చూశాడు. ‘యా అల్లా’ అనుకుంటూ అంచులో కత్తి మొన గుచ్చాడు. టప్పుమని ఒక ముక్క ఊడింది.

“ఫోన్ పెట్టేయ్ బేటీ. ఆ మదీహా జన్మలో తాగని టీ నీకు పోస్తా.”

ముక్కలో కొంచెం తుంచి దాని మీద వేడినీళ్ళు పోసి, వెంటనే ఆ నీళ్ళను తొట్టిలో పారబోశాడు.

“అయ్యో, పారబోస్తారేంది!” అంటూ తయ్యబా లేచి నిలబడింది.

“ఆకు కడిగిన నీళ్ళు లేమ్మా. మొదటిది తాగరు. చైనావోళ్ళ పద్ధతి.”

ఆమె కమ్రాన్ వైపు కళ్ళెర్రజేసింది. “ఆమె కూడా పారబోసిందా?”

“లేదు. అదే తాగించింది.”

“నీకు తగిన శాస్తే అయింది!”

రెండోసారి దిగిన టీ ముదురు ఎరుపు. తొలకరి వానకు తడిసిన మన్ను, పాత చెక్కపెట్టె లోపలి వాసన, గుటక దిగాక ఖర్జూరపు తీపి. ముగ్గురూ ఊదుకుంటూ తాగారు. ఇంకా పదేళ్ళు దీన్ని దూరం పెట్టాలని ఎలా అనుకున్నానా అని గులాం నబీ తన కప్పులోకి తానే ఆశ్చర్యంగా చూసుకున్నాడు.

“చల్లారిందా బేటీ?”

“టీనా, నేనా?” అని తయ్యబా నవ్వేసింది.

ఆయన మిగిలిన ముక్కను కాగితంలో చుట్టి ఆమె చేతిలో పెట్టాడు. కమ్రాన్ చెవి పట్టుకుని, “ఇంకోసారి ఆ పేరెత్తినావంటే చూడు” అన్నాడు.

షాపు కనిపించినంతదూరం ఇద్దరూ బుద్ధిగా నడిచి బస్సెక్కారు.

“రేపు సోహార్ పోదాం. ఆడొక షాపులో ఇంకా పాతది ఉందంట, అదీ ఎవరికీ విరవరంట” అన్నాడు కమ్రాన్.

తయ్యబా అతని భుజానికి తల ఆనించింది.

“అయితే రేపు అలిగే వంతు నీది.”