పచ్చచుక్క

“పచ్చచుక్క కనబడ్డాకే స్లాబు కింది సెంట్రింగ్ చెక్కలు విప్పించాను. ఇంకో నూరుసార్లు అడిగినా నా మాట అదే సార్,” అన్నాడు మేస్త్రి, బల్ల మీద అరచెయ్యి ఆనించి.

విచారణాధికారి రాయడం ఆపాడు. బల్లకు అవతల ఇంజనీరమ్మ తల వంచుకుని కూర్చుంది. ఆమెను ఉద్యోగంలోంచి పక్కన పెట్టి నెల కావస్తోంది. ఈ రోజు మేస్త్రి మాట నిలిస్తే జైలుకు పోతుంది. పోవాలనే మేస్త్రి పట్టు. మూడో అంతస్తు స్లాబు కూలి అతని తమ్ముడు పోయాడు మరి. తమ్ముడి భార్య పక్క కుర్చీలోనే ఉంది. ఒళ్లో సంచి పెట్టుకుని, ఎవరు మాట్లాడితే వాళ్ల మొహంలోకి చూస్తోంది.

“రికార్డులో మాత్రం ఆ ఉదయం ఎరుపనే ఉంది,” అన్నాడు అధికారి.

“రికార్డు ఎవరి చేతిలో ఉంది సార్? కాగితం మీద దిద్దితే మరకైనా మిగులుతుంది. కంప్యూటర్లో దిద్దితే ఏం తెలుస్తుంది? దొంగ చేతికే తాళాలిచ్చి, పెట్టె భద్రంగా ఉందా అని అడిగినట్టుంది.”

రికార్డు దిద్దలేదని ఇంజనీరమ్మ నెల రోజులుగా అంటూనే ఉంది. అని మాత్రం ఏం లాభం? మేస్త్రి నోట అబద్ధం రాదని సైటులో అందరికీ తెలుసు. ఆమె మాట ఎక్కడా చెల్లకపోవడానికి కారణం అదే.

ముప్పై ఏళ్లు మేస్త్రి స్లాబును సుత్తితో తట్టి, చెవి ఆనించి విని, రోజులు లెక్కపెట్టి సెంట్రింగ్ విప్పించాడు. ఒక్కటంటే ఒక్కటి కుంగలేదు. ఆరు నెలల కిందట కంపెనీ ఈ ఇంజనీరమ్మ చేత కొత్త పద్ధతి పెట్టించింది. బొత్తామంత యంత్రాన్ని కాంక్రీటులోనే పూడ్చేస్తారు. లోపల ఎంత గట్టిపడిందో అది ఫోనుకు చెబుతుంది. ఎర్రచుక్క ఉంటే ఆగాలి, పచ్చచుక్క వస్తే విప్పాలి. “ఇంక నీ సుత్తి ఇంటికి పట్టుకెళ్లి గోడకు మేకులు కొట్టుకో,” అన్నాడు మేనేజరు. అందరితో పాటు తమ్ముడూ నవ్వాడు. ఆ మేనేజరు ఈ రోజు జ్వరమని రాలేదు. అలాంటి జ్వరాలు ఇలాంటి రోజుల్లోనే వస్తాయి.

“రోజూ ఫోను చూసేది ఎవరు?” అడిగాడు అధికారి.

“మా తమ్ముడు. పొద్దున్నే చూసి, ‘అన్నా, వచ్చేసింది’ అని కేకేసేవాడు. ఆ ఒక్కరోజే వాడు ఆలస్యంగా వచ్చాడు. నేనే చూశాను, నేనే విప్పమన్నాను. వాడు వస్తూనే కూలీలకు సాయంగా స్లాబు కిందికి దూరాడు.” మేస్త్రి ఇంజనీరమ్మ వైపు వేలు చూపించాడు. “నన్ను నమ్మి కాదు సార్. ఈవిడగారి యంత్రాన్ని నమ్మి.”

మరదలు కొంగుతో కళ్లొత్తుకుంది. ఈ నెలలో ఆమె ఇంటిని కాసింది మేస్త్రే. వారం వారం కూరగాయలు తెచ్చిపడేస్తాడు. టమాటాల్లో సగం కాయలే ఉంటాయి. “బావగారు కనబడితే చాలు, అంగడివాడికి పండగే,” అని వెనకటికి ఎగతాళి చేసేది. ఇప్పుడు పల్లెత్తు మాట అనకుండా వాటిని కిటికీలో పేర్చి మాగబెడుతోంది. ఈ ఉదయం కూడా కూడలిలో సిగ్నల్ దగ్గర పరధ్యానంగా రోడ్డు మీదికి అడుగేస్తే, చప్పున చెయ్యి పట్టి ఆపాడు. “కింది దీపం వెలగనీ తల్లీ, తొందరేముంది,” అన్నాడు. అలాంటి మనిషి.

అధికారి ఇంజనీరమ్మ వైపు తిరిగాడు. “తెర మీద ఒట్టి చుక్కేనా? అంకెలూ అక్షరాలూ ఏమీ ఉండవా?”

“మొదట్లో ఉండేవి సార్. చదువురానివాళ్లకు కష్టమవుతుందని నేనే తీయించాను. రంగయితే అందరికీ తెలుస్తుంది కదా అని.”

“మా మీద ఎంత జాలో!” అన్నాడు మేస్త్రి. ఆ మాట మొహాన కారం కొట్టినట్టుంది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. అతనికి జాలి కలగలేదు.

“సరే, ఇప్పుడు ఒకసారి చూపించండి,” అన్నాడు అధికారి.

అధికారి తెప్పించిన కంపెనీ ఫోను అందుకుని, ఆమె తెరిచి బల్ల మీద పెట్టింది. “పక్క బ్లాకు సార్. నిన్న సాయంత్రమే పోశారు.”

మేస్త్రి ముందుకు వంగి చూశాడు. నెల రోజులుగా గుండెల్లో అణచుకున్నదంతా ఒక్కసారిగా పైకి తన్నింది. చటుక్కున ఫోను అందుకున్నాడు.

“దొరికింది సార్, దొరికింది! నిన్న సాయంత్రం పోసిన స్లాబు! చెయ్యి వేస్తే తడి అంటుకుంటుంది. అప్పుడే పచ్చచుక్క చూపిస్తోంది! ఇంకేం రుజువు కావాలి మీకు?”

ఫోను ఎత్తి అధికారికి చూపించాడు. ఇంజనీరమ్మ మొహం ముందు ఆడించాడు. “ఇప్పుడు చెప్పమ్మా, ఇప్పుడు చెప్పు!” తర్వాత మరదలి ముందు నిలబడ్డాడు. చెంపల మీద నీళ్లు కారిపోతున్నాయి.

“చూడు తల్లీ. వాణ్ణి చంపిన అబద్ధం ఇదే. నీ కళ్లతో నువ్వే చూడు.”

అధికారి కలం కింద పెట్టేశాడు. ఇంజనీరమ్మ మొదటిసారి తలెత్తింది.

మరదలు తెర వంక చాలాసేపు చూసింది. తర్వాత అతని మొహం వంక చూసింది. మెల్లగా లేచి, అతని చేతిలోంచి ఫోను తీసుకుంది.

“అది ఎరుపు, బావగారూ.”