రెండు ఫోన్లలో అమ్మ

వెయ్యి ముఖాలు కుప్పపోసినా మా ఆవిడ ముఖాన్ని ఇట్టే ఏరి ఇస్తాను. అంత జ్ఞాపకం నాది!

ఆవిడది మిగిలింది ఒక్కటే ఫొటో. చెమ్మకు ముఖమంతా అలుక్కుపోయింది. పెద్దది చేయించడానికి మా అమ్మాయీ అల్లుడూ ఎవరి కొత్త ఫోనుతో వాళ్లు దాన్ని తీశారు. ఎవరి కెమెరా గొప్పదో తేలాలని పంతం.

అల్లుడి ఫోనులో మరక మరకలాగే ఉంది. అమ్మాయి ఫోనులో కళ్లూ పెదవులూ తేటగా వచ్చాయి.

"ఓడిపోయారు మహానుభావా, ఒప్పుకోండి!" అంది అమ్మాయి.

"అసలు ఫొటోలో కళ్లే లేవు కదే! నీ ఫోను సొంతంగా అల్లేసింది," అన్నాడు అల్లుడు.

నెలల పిల్లప్పుడే తల్లిని పోగొట్టుకున్న అమ్మాయి నావైపు తిరిగింది. "నువ్వు చెప్పు నాన్నా. అమ్మ ఇలాగే ఉండేదా?"

చూశాను. ఎంత వెతికినా నా లోపలా ఆ మరకే ఉంది. మొదట్లో కోసిన కోతలన్నీ తుస్సుమన్నాయి లెండి.

"అచ్చం ఇలాగే ఉండేదమ్మా," అన్నాను నవ్వుతూ.

ఇప్పుడు మా గోడమీద ఆ పరాయి మనిషే ఉంది. అమ్మాయి రోజూ పలకరిస్తుంది. నేను తల దించుకుని వెళ్తుంటే ఆ పటంలో మనిషి వెనక నుంచి చూస్తూనే ఉంటుంది.

ఇందులో నేను కల్పించింది ఒక్కటే. ఆ మాట నవ్వుతూ అనలేదు.