మూడింటి గడి

ట్రాక్టర్ ఫ్యాక్టరీలో రెండో షిఫ్ట్ దిగి బసవరాజ్ ఇల్లు చేరేసరికి పన్నెండు దాటింది. తలుపుకు గొళ్లెం పెట్టి, తల్లి నీలమ్మ దవాఖాన కాగితాలు ముందేసుకున్నాడు. ఎనిమిది నెలలు తిరిగితే ఇవాళ చేతికొచ్చాయి.

ఆమె ప్రాణం రాత్రి ఒంటిగంటకే పోయిందని తెల్లారి చూసిన డాక్టరే రాశాడు. తెల్లారేదాకా ఆమె దగ్గరికి ఎవరూ రాలేదని పక్క మంచం ఆమె చెప్పింది. నర్సుల చార్టులో మాత్రం గంటగంటకూ సంతకాలున్నాయి. రెండింటికి, నిద్రపోతోంది. నాలుగింటికి, నిద్రపోతోంది.

"పాణం పోయిన మనిషి నిద్రపోతదా? చూడకుండనే నింపిన్రు. రేపు విచారణల గిది చాలు," అన్నాడు భార్యతో. ఆ గొంతులో గెలుపు లేదు, అలసటే ఉంది.

భవాని కాగితం అందుకుంది. "మూడింటికి ఏం రాసిన్రో చూసినవా?"

ఆ గడిలోనూ అదే చేతిరాత. 'కొడుకు షిఫ్ట్ నుంచి వస్తాడట. తలుపుకు గొళ్లెం పెట్టొద్దంటోంది.'

నీలమ్మ ఇరవై ఏళ్లు ప్రతి రాత్రీ ఇంట్లో అన్న మాట అది.

"పాణమున్నప్పుడు అన్నదేమో. ఎనుక రాసుకున్నరేమో," అన్నాడు బసవరాజ్.

హైవే మీద లారీల మోత కాసేపు ఆగింది. ఆ నిశ్శబ్దంలో ఇనుము ఇనుముకు రాసుకున్న చిన్న చప్పుడు వినిపించింది. ఇద్దరూ తలుపు వైపు చూశారు.

గొళ్లెం తీసి ఉంది.

"లేచి పెట్టరాదూ," అంది భవాని గుసగుసగా.

బసవరాజ్ కూర్చున్న చోటు నుంచి కదల్లేదు.

"వద్దన్నది కద అమ్మ."