భావనారాయణ చేతిపని

నేతగాడు కన్నుమూస్తే, బతికుండగా రికార్డు చేసిన అతని చేతిపనిని ఎక్కడో దూరాన ఉన్న సర్వర్ నుంచి ఇంటి మగ్గంలోకి దించుకోవడం చీరాలలో పెద్దకర్మంత తప్పనిసరి అయిపోయింది. భావనారాయణ పోయిన పదమూడో రోజున మెకానిక్ మస్తాన్ వచ్చి మగ్గం ముందు కూర్చున్నాడు. అనుమతి ఇంకా భార్య శేషారత్నం పేరుకు మారలేదని మొదటిసారి సర్వర్ పొమ్మంది. రెండోసారి సగంలో లైను తెగింది. మూడోసారికి నలభయ్యేళ్ల పని మొత్తం దిగింది.

మగ్గానికి బిగించిన ఉక్కు చేతులు ఆయన సగంలో వదిలిన చీరను అందుకున్నాయి. జానెడు నేశాక కుడిచెయ్యి పక్కకు చాచుకుని ఆగిపోయింది. మస్తాన్ అంతా చెరిపేసి మళ్లీ దించాడు. మళ్లీ జానెడు దగ్గరే ఆగింది.

“కాపీలోనే ఏదో తేడా ఉంది పిన్నమ్మా. మిషన్లో దారం నిండుగా ఉంది, ఆగాల్సిన పనే లేదు. ఈ ఆగడం ఒక్కటీ తీసేస్తే గడగడా నేసుకుపోద్ది,” అన్నాడు.

శేషారత్నం ఆ చేతివంక చాలాసేపు చూసింది.

“కాస్త ఉండు నాయనా,” అంటూ గోడవారన పెట్టేసిన రాట్నం దగ్గరికి లాక్కుని, ఒక కండెకు దారం చుట్టింది. “జానెడు నేసేసరికి కండెలో దారం అయిపోయేది. మీ బాబాయి ఏనాడూ నోరు తెరిచి ఇంకో కండె అడగలేదు. చెయ్యి చాపేవాడు, నేను పెట్టేదాన్ని.”

కండెను ఉక్కు అరచేతిలో పెట్టింది. వేళ్లు మెల్లగా మూసుకున్నాయి. మగ్గం కదిలింది.

మస్తాన్ దేన్నీ తీసెయ్యకుండానే తన పెట్టె మూశాడు. శేషారత్నం అప్పటికే రెండో కండె చుడుతోంది.