మూడో అంతస్తు కిటికీ

జెద్దా పాతబస్తీలో ఒక పాత మేడకు చెక్క కిటికీ బాగుచేస్తుండగా ఫౌజియా కాళ్ల కింద పలక విరిగింది. మూడో అంతస్తు నుంచి ఆమె జారిపోయింది. కిటికీలోంచి ఎవరో ఆమె మణికట్టు పట్టుకున్నారు.

తలెత్తి చూస్తే బాబావలి! ఆమె ప్రాణం సగం అక్కడే పోయింది.

ఇద్దరూ కడప నుంచి వచ్చి ఒకే ఉస్తాద్ దగ్గర చెక్కపని నేర్చుకుంటున్నారు. ఈ మేడ పని పూర్తయ్యాక ఆయన ఇద్దరిలో ఒక్కరినే పనిలో ఉంచుకుంటాడు. ఆ పోటీతో వాళ్ల మధ్య మాటలే లేవు. ఇప్పుడు బాబావలి చెయ్యి వదిలితే చాలు, ఆ చోటు అతనిదే.

చెమటకు పట్టు జారుతోంది.

“ఇడిసిపెట్టొద్దు బాబావలీ!” అని అరిచింది.

“కిందికి చూడాకు. నన్నే చూడు,” అంటూ అతను పళ్లు బిగించి పైకి లాగాడు.

లోపల నేలమీద పడ్డాక ఆమె అడిగింది.

“ఇడిసింటే ఈడ చోటు నీదయ్యేది గదా?”

“నిన్నే ఉంచుకోమని పొద్దున్నే ఉస్తాద్‌కు చెప్పేసినా. ఎగ్జిట్ వీసా కొట్టించుకుని ఊరికి పోతాండా.”

“ఎందుకు?”

“నిన్ను పంపిచ్చి నేనీడ ఉండలేను.”

ఈసారి ఫౌజియా అతని మణికట్టు పట్టుకుంది.

“పోవద్దు,” అంది. “నువ్వు లేకుంటే నేనూ ఈడ ఉండలేను.”

పడిపోతున్నప్పటికన్నా ఆ మాట అనడానికే ఆమెకు ఎక్కువ భయమేసింది.