వాడొచ్చేదాకా

ఫోన్ చూసుకుంటూ నడుస్తున్న దుర్గాప్రసాద్ చొక్కా ఎవరో వెనక నుంచి పట్టి లాగారు.

మామిడి పూతకి మందు కొట్టే ట్రాక్టరు అతన్ని రాసుకుంటూ వెళ్లిపోయింది.

తిరిగి చూస్తే ఒక ముసలావిడ. నేత చీర, రబ్బరు చెప్పులు.

"ఫోన్ చూస్తూ రోడ్డు మీద నడవకండి బాబుగారూ," అంది.

ఆ సంగతి అతనికి ఒకరు చెప్పాల్సిన పని లేదు. అతని ఒక్కగానొక్క కూతురు దివ్య ఫోన్ వల్లే పోయింది. హనుమాన్ జంక్షన్ దగ్గర స్కూటీ ఆపుకుని నిలబడితే, ఫోన్లో వీడియో చూస్తూ వ్యాను నడిపేవాడు వచ్చి గుద్దేశాడు.

దుర్గాప్రసాద్ ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

"రోజూ నడుస్తారా?" అని అడిగింది ఆవిడ.

"ఇవాళే మొదలండీ. గుండెకి స్టెంట్ వేశారు. షుగర్ కూడా ఉంది. ఇలాగే కుర్చీకి అతుక్కుపోతే ఎంతోకాలం బతకరన్నాడు డాక్టరు."

"కుర్చీలో ఏం పని?"

"మామిడి తోట ఉంది. కాయంతా ఫోన్లోనే అమ్ముతాను. పొద్దున కూర్చుంటే పడుకునేదాకా ఆర్డర్లే. తిండి కూడా పార్శిలే."

"రేపు ఫోన్ ఇంట్లో పెట్టి రండి. నేనూ నడుస్తాను."

ఆవిడ పేరు అమృతమ్మ. ఈ ఊరు కాదట. ముసునూరులో చెల్లెలింట్లో ఉంటూ తోటల్లో కూలికి వెళ్తోంది.

మర్నాడు ఇద్దరూ కలిసి నడిచారు. నాలుగడుగులకే అతనికి ఆయాసం వచ్చింది.

"బతకాలని నడవట్లేదమ్మా నేను," అన్నాడు గట్టు మీద కూలబడి. "నా కూతుర్ని చంపినవాడు జైల్లో ఉన్నాడు. వాడు బయటికొచ్చే రోజు గేటు దగ్గర నిలబడాలి. వాడి పీక పట్టుకునే సత్తువ ఈ చేతుల్లో ఉండాలి. వాడి పేరు చార్లెస్."

అమృతమ్మ చెప్పులో రాయి పడిందంటూ వంగింది. చాలాసేపు తల ఎత్తలేదు.

"మీ ఇంట్లో ఇంకో ప్రాణం పోకూడదు," అంది చివరికి. "లేవండి, నడుద్దాం."

అప్పట్నుంచి రోజూ ఆవిడే ముందొచ్చి రోడ్డు మలుపులో నిలబడేది. స్టీలు గ్లాసులో రాగి జావ తెచ్చేది.

"ఫోన్ వదల్లేనమ్మా," అన్నాడు ఒకరోజు. "అందులో వాడి ఫోటో ఉంది. అది చూడందే నాకు నిద్ర పట్టదు."

"పగలు చూసుకోండి. పడుకునే ముందు మాత్రం వద్దు. నిద్ర లేని ఒంటికి సత్తువెక్కడిది?"

ఆ మాట అతనికి నచ్చింది. ఫోన్ హాల్లోనే వదిలేసి పడుకోవడం మొదలుపెట్టాడు. బిర్యానీ పార్శిళ్లు మానేశాడు. కూల్ డ్రింకులు మానేశాడు. ఆర్డర్లకి ఒక వేళ పెట్టుకుని, మిగతా పొద్దంతా తోటలో కాలినడకనే తిరిగాడు. కాకరకాయ వేపుడు నోటికి సయించకపోతే చార్లెస్ మొహం తలుచుకుని మింగేవాడు.

భార్య కృష్ణవేణి ఒక్కటే మాట అనేది. "వాణ్ణి చంపితే దివ్య వస్తుందా? వదిలెయ్యండి."

అతను ఆవిడతో మాట్లాడటం తగ్గించేశాడు.

"అందరూ వదిలెయ్యమనేవాళ్లే," అన్నాడు అమృతమ్మతో. "మీరొక్కరే అనలేదు."

"ఆ మాట అనడానికి నేనెవర్ని బాబూ."

"మీకు పిల్లలున్నారా?"

"ఒక్కడే. దూరంగా ఉన్నాడు."

"చూడ్డానికి రాడా?"

"రాలేడు," అంది. ఖాళీ గ్లాసు అందుకుని ముందు నడిచింది.

పూత పిందెలై, పిందెలు కాయలయ్యాయి. షుగర్ దిగింది. డాక్టరు రిపోర్టు చూసి, ఏం చేశారని అడిగాడు.

"ఒకడి మీద పగ పట్టానండి," అన్నాడు దుర్గాప్రసాద్.

డాక్టరు జోకనుకుని నవ్వాడు.

బంగినపల్లి కోతలు మొదలైన వారంలో అమృతమ్మ రావడం ఆగిపోయింది. ఒకరోజు చూశాడు. రెండో రోజు మలుపులో టీకొట్టు వెంకటేశ్వర్లుని అడిగాడు.

"మీకు తెలీదాండీ? మొన్న నిద్రలోనే పోయింది. గుండె జబ్బంట, ఎప్పట్నుంచో ఉందంట. ఇవాళే మట్టి చేస్తున్నారు, ముసునూరు చర్చి దగ్గర్నుంచి తీసుకెళ్తారంట."

దుర్గాప్రసాద్ అక్కడికక్కడే నిలబడిపోయాడు. అన్ని రోజులు పక్కన నడిచి, ఆవిడకెలా ఉందని ఒక్కసారి కూడా అడగలేదు.

ముసునూరు దాకా నడిచే వెళ్లాడు.

చర్చి ముందు పట్టుమని పదిమంది లేరు. పెట్టె మోయడానికి మగవాళ్లు చాల్లేదు. పాస్టరుగారు చుట్టూ చూస్తున్నారు.

"నేను పడతానండీ," అని దుర్గాప్రసాద్ ముందుకెళ్లి భుజం పెట్టాడు.

సమాధుల దొడ్డి ఊరవతల ఉంది. ఎర్రటి ఎండ. అతనికి ఆయాసం రాలేదు. ఆవిడ ఇచ్చిన బలంతోనే ఆవిణ్ణి మోస్తున్నానని మాత్రం తెలుస్తోంది. కళ్లు తుడుచుకుందామంటే చెయ్యి ఖాళీ లేదు.

సగం దారిలో పోలీసు జీపు వచ్చి ఆగింది.

"ఆగండి, కొడుకొచ్చాడు," అన్నారెవరో వెనక నుంచి.

అవతలి వైపు మోస్తున్న ముసలాయన పక్కకి తప్పుకున్నాడు. ఆ చోట ఇంకో భుజం చేరింది.

దుర్గాప్రసాద్ తలతిప్పి చూశాడు.

తనకి మూరెడు దూరంలో, చెయ్యి చాపితే పీక అందేటంత దగ్గర్లో, "అమ్మా" అని కుమిలిపోతూ పెట్టె మోస్తున్నవాడు చార్లెస్.