ఎడమచేతి ముడి

"అబద్ధం! పచ్చి అబద్ధం!" దర్జీ ఖాదర్ హుస్సేన్ పళ్లు కొరికాడు.

దుబాయ్‌కి దగ్గర్లోని ఉమ్ అల్ క్వైన్‌లో ఆరోజు, సొంతంగా తయారుచేసుకున్న చిన్న విమానాల మేళా. గుడ్డ రెక్కల విమానం పక్కన నిలబడి దాని యజమాని మైకులో చెబుతున్నాడు: "ప్రతి కుట్టూ నా చేతిదే."

"ఊరుకోండి, జనం చూస్తుండారు," అంది భార్య రజియా.

"చూడనీ! రెండు నెలలు మన గదిలో కుట్టిన రెక్కలు గదా ఇవి! పని మనది, పేరు వాడిదా?"

విసురుగా వెళ్లి మైకు లాక్కున్నాడు. "ఝూట్! కుట్టింది నేను! ఈ కుట్ల ముళ్లు చూడండి. దుబాయ్ మొత్తంలో ఇట్టా ఇంకెవరూ వేయలేరు!"

యజమాని కళ్లెర్రజేశాడు. రిపేరు పెట్టెలోంచి సూదీ దారం తీసి అతని ముందు పడేశాడు. "అయితే ఒక్కటి వేసి చూపించు."

ఖాదర్ వేశాడు. రెక్క మీది ముళ్లన్నీ ఒకవైపు తిరిగి ఉంటే, ఇతనిది ఇంకోవైపు తిరిగింది. మళ్లీ వేశాడు. మళ్లీ అంతే.

రజియా ముందుకొచ్చి సూదిని ఎడమచేత్తో అందుకుంది. క్షణంలో ముడి పడింది, అచ్చం రెక్క మీది ముడే.

"ప్రతి కుట్టూ నా చేతిదే," అంది, యజమాని వైపు కాదు, మొగుడి వైపు చూస్తూ.